నాలుగు వందల జతల మనిషి

ఈ మధ్య మా శాఖా గ్రంథాలయానికి ఒక లావుపాటి పుస్తకం వచ్చింది. దేశంలో టెలిఫోన్ల మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం ఎలా పోయింది, ప్రైవేటు కంపెనీలు ఎలా వచ్చాయి, పోటీ వల్ల మాట ఎంత చవకైంది అన్నది అందులో విషయం. నేను పదో తరగతితో చదువు ఆపిన మనిషిని. అయినా ఆ పుస్తకాన్ని ఒక్క పేజీ వదలకుండా మూడు వారాల్లో చదివాను. అర్థం కాని మాటలు కాగితం మీద రాసుకుని నిఘంటువు దగ్గరికి లేచి వెళ్ళాను. చివర ఉన్న పేర్ల పట్టిక కూడా వేలు పెట్టి చదివాను. అందులో మంత్రులున్నారు, కంపెనీల యజమానులున్నారు, కమిటీల అధ్యక్షులున్నారు. గుంతలో కూర్చున్నవాడు ఒక్కడూ లేడు. జనం పాత తీగల ఫోన్లను సంతోషంగా వదిలేసి కొత్తవాటికి వెళ్ళిపోయారని మాత్రం ఉంది.

మా వీధిలో అలా జరగలేదు. జరగలేదని చెప్పగలిగినవాళ్ళం ఇంకా కొందరం బతికే ఉన్నాం. లావుపాటి పుస్తకాలు రాసేవాళ్ళు మమ్మల్ని అడగరు కాబట్టి, అడక్కుండానే నేను రాసిపెడుతున్నాను.

పుస్తకం తిరిగిచ్చిన వారానికే నాకొక ఫోన్ వచ్చింది. తెలిసిన నంబరే, మా పాత లైన్‌మన్‌ది. ఎత్తగానే ఆడగొంతు వినిపించింది.

"ఆంటీ, నేను ఆయన బిడ్డను. నాన్న పోయిండు. ఫోన్ల ఉన్నోళ్ళందరికీ చెప్తున్న. మీ నంబరు 'నలభై మూడు' అని పెట్టుకున్నడు. మీరెవరో నాకు తెల్వదు."

"నలభై మూడునేనమ్మా," అన్నాను.

ఆ అమ్మాయి "నలభై, నలభై ఒకటి, నలభై రెండు సుత ఉన్నయి ఆంటీ. ఏం లెక్క ఇది?" అంది.

ఆ లెక్కే ఇది.

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట పోయే రోడ్డుకి వెనక, ఒకదాని మీద ఒకటి కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ల బోర్డులు వేలాడే వీధుల్లో ఒక వీధి మాది. అప్పట్లో జావా నేర్చుకోవడానికి జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు గదికి ఆరుగురు చొప్పున ఉండేవాళ్ళు. మా ఆయన సనత్‌నగర్‌లో లేత్ మెషీన్ మీద పనిచేసేవాడు. నేను ఇంటి ముందు గదిలో ఎస్టీడీ బూతు నడిపేదాన్ని. మాది కోస్తా. పెళ్ళయి ఇక్కడికి వచ్చాను. బూతులో గాజు తలుపు లోపల ఒకరు మాట్లాడుతుంటే, బయట స్టూలు మీద కూర్చుని నేను గ్రంథాలయం పుస్తకాలు చదివేదాన్ని. ఒక కార్డుకి రెండు పుస్తకాలిచ్చేవాళ్ళు. నేను మా ఆయన పేరు మీద ఇంకో కార్డు తీసుకున్నాను.

అతను మా వీధి లైన్‌మన్. బల్కంపేటలో ఉండేవాడు. బోనాల రోజు తప్ప మామూలుగా అన్ని రోజులూ సైకిలు మీద మా వీధికి వచ్చేవాడు. పొడుగ్గా, కాస్త వంగి ఉండేవాడు. భుజాన ఖాకీ సంచి, అందులోంచి బయటికి వేలాడే నల్లటి హ్యాండ్‌సెట్. దానికి డయల్ ఉండేది, కొసలకి మొసలి నోళ్ళలాంటి క్లిప్పులుండేవి. ఏ తీగకి తగిలించినా మాట్లాడేది.

అతనికి మనుషుల పేర్లు గుర్తుండేవి కావు. లేక గుర్తుంచుకోదలచుకోలేదో. వీధి మూలన ఆకుపచ్చ ఇనప పెట్టె ఉండేది. వాళ్ళు దాన్ని పిల్లర్ అంటారు. ఎక్స్చేంజి నుంచి భూమిలోపల వచ్చే నాలుగు వందల జతల తీగలు అందులో తేలేవి. ఒక్కో ఇంటికి ఒక్కో జత. ఆ జత నంబరే అతనికి ఆ ఇంటివాళ్ళ పేరు.

"నలభై అమ్మా, ఇడ్లీ ఉన్నదా?" అని మెస్ నడిపే పెద్దావిడని పిలిచేవాడు. పాస్టరుగారు నలభై ఒకటి. ఇన్‌స్టిట్యూట్ నలభై రెండు. నేను నలభై మూడు. హోమియో డాక్టరుగారు నలభై నాలుగు.

"నాకో పేరుందయ్యా," అని మెస్సావిడ కసిరేది.

"ఉంటే ఉండనీ. పేర్లు ఇద్దరికి ఒక్కటే ఉంటయి. జత ఇద్దరికి ఉండదు."

అతని పేరు అడిగితే చెప్పేవాడు కాదు. "టోన్ వచ్చిందా? వచ్చింది గదా. నా పేరెందుకిగ?" అనేవాడు. అందుకే ఇక్కడా రాయలేదు. అతని కూతురూ వద్దంది. మెమోల మీద తప్ప నాన్న పేరు ఎక్కడా అచ్చు కాలేదు, ఇప్పుడెందుకు అంది.

ఇంకో విచిత్రం. ఊరందరి ఫోన్లూ చూసేవాడి ఇంట్లో ఫోన్ లేదు. అడిగితే, "పెట్టుకుంటే అది చెడిపోతది. చెడిపోతే నేను నాకే కంప్లైంట్ ఇయ్యాలె. నా సంగతి నాకు తెల్సు, నేను రాను," అని నవ్వేవాడు.

అతను గొప్పవాడని నేను చెప్పడం లేదు. దసరాకి మామూలు అడిగేవాడు. వానాకాలం ఒక్కోసారి పదిరోజులు కనిపించేవాడు కాదు. పేపర్లలో టెలిఫోన్ వాళ్ళ గురించి రాసే తిట్లలో సగం న్యాయమైనవే. నేను ఆ రోజుల్లో పోటీ పక్షం. 'సహజ గుత్తాధిపత్యం' అన్న మాట నేను ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. గ్రంథాలయంలో, ఫ్యాను కింద కుర్చీ దొరికిన ఒక మధ్యాహ్నం నేర్చుకున్నాను. మర్నాడే అతని మీద ప్రయోగించాను.

"అన్నయ్యా, మీది గుత్తాధిపత్యం. పోటీ లేకపోతే ఎవరూ పని చెయ్యరు. పుస్తకంలో ఉంది."

అతను పిల్లర్‌లోంచి తల బయటికి తీయకుండానే అన్నాడు. "గుత్త సంగతి నాకు చెప్తవా చెల్లె? మా తాత కల్లు గుత్త కింద చెట్లు ఎక్కిండు. ఒక్కడి చేతుల ఉంటే ఏమైతదో పుస్తకం లేకుంటనే తెల్సు. ఒక్క లైన్ కోసం మేము మనిషిని ఏండ్లకేండ్లు తిప్పలే? తిప్పినం. రానీ పోటీ. నేనేం భయపడుత లేను."

"మరి మీ యూనియన్ వాళ్ళు వద్దంటున్నారుగా?"

"ఆళ్ళ మాట ఆళ్ళది. నేను చెప్పేది ఒక్కటే. నా లైన్ కంటె మంచి లైన్ ఇచ్చి గెలువుమను. నేనే చేతులు జోడిస్త."

అతని తప్పు గురించి చెప్పాలి. ఆ తప్పు చెయ్యాలంటే లైన్‌మనే కావాలి.

ఒక వానాకాలం పిల్లర్‌లోకి నీళ్ళు పోయి తీగలు తుప్పు పట్టాయి. అతను పొద్దున్నే వచ్చి వరసగా విప్పి, తుడిచి, మళ్ళీ బిగించుకుంటూ పోయాడు. ముప్పై తొమ్మిదో జత బొత్తిగా పాడైపోయిందని దాన్ని వదిలేశాడు. వదిలేసిన ఖాళీని లెక్కలోకి తీసుకోవడం మరిచిపోయాడు. అక్కడి నుంచి వరసంతా ఒక ఇల్లు జరిగిపోయింది.

నలభైకి రావలసిన ఫోన్లు నలభై ఒకటిలో మోగాయి. నలభై ఒకటివి నలభై రెండులో. పాస్టరుగారింట్లో పొద్దున్నుంచీ ఇడ్లీలకి ఆర్డర్లు. ఆయన కాదనలేక ఒక కాగితం మీద అన్నీ రాసుకుని మెస్‌కి మోసుకొచ్చారు. ప్రార్థన చెయ్యమని పాస్టరుగారికి ఫోన్ చేసినవాళ్ళు ఇన్‌స్టిట్యూట్‌లో తేలారు. అక్కడ రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి మొదట కంగారుపడి, తర్వాత ఒకావిడ ఏడుపు వినలేక, "అలాగేనండీ, నేను కూడా చేస్తాను, తప్పకుండా నయమవుతుంది," అని చెప్పేసింది. నా బూతులో జావా బ్యాచ్ ఎప్పుడు మొదలని అడుగుతున్నారు. గోడకి అంటించిన వాళ్ళ కరపత్రం చూసి నేను చెప్తున్నాను. నాకు రావలసినవి డాక్టరుగారింటికి పోతున్నాయి. మెస్సావిడకి మాత్రం ఒక్క ఫోనూ లేదు.

మధ్యాహ్నానికి అతనికి తెలిసింది. ఇంకొకరైతే ఏం చేసేవారో నాకు తెలుసు. పిల్లర్ దగ్గరికి పోయి గుట్టుగా సరిచేసి, కేబుల్‌లో నీళ్ళు అని చెప్పేవారు. అతను సైకిలు పిల్లర్‌కి ఆనించి ప్రతి గుమ్మం ముందు నిలబడ్డాడు.

"తప్పు నాది. ఒక జత జారిపోయింది. సాయంత్రం దాకా మీది పక్కింట్ల మోగుతది. జర ఓపిక పట్టుండ్రి."

మెస్సావిడ ఊరుకోలేదు. "ఈ గవర్నమెంటు వాళ్ళంతా ఇంతే! ఎవడికీ భయం లేదు!"

"గవర్నమెంట్ గాదమ్మా. నేను. నన్ను తిట్టుండ్రి."

ఆవిడకి తిట్టడానికి ఒక మనిషి ఎదురుగా దొరకడంతో తిట్టు రాలేదు. "భోంచేశావా?" అంది.

తర్వాత నేను సెల్ ఫోన్ల డీలర్‌నయ్యాక, కంపెనీ తప్పు చేసినప్పుడల్లా నా దుకాణం ముందు నిలబడి అరిచేవాళ్ళకి చూపించడానికి ఒక మనిషి లేక ఈ మాటే గుర్తుకొచ్చేది. కస్టమర్ కేర్‌లో పాట వినిపించేది. మీ కాల్ మాకు ముఖ్యం అనేది. ఎవరూ గుమ్మం ముందుకి వచ్చేవారు కాదు.

డీలర్‌నయ్యానని చెప్పాను కదా. దాచుకోను. సెల్ ఫోన్లు అప్పటికే వచ్చాయి. మొదట్లో ఫోన్ ఎత్తినవాడు కూడా డబ్బు కట్టాలి, అందుకని మోగుతున్న ఫోన్‌ని చేతిలో పట్టుకుని, తిరిగి చెయ్యడానికి బూతుకి పరిగెత్తేవాళ్ళు. తర్వాత కంపెనీలు పెరిగాయి, రేట్లు పడ్డాయి, నా గాజు గది ముందు వరస పలచబడింది. బూతు రోజులు అయిపోతున్నాయని నేను చదివిన పుస్తకాలే చెప్పాయి. ఒక ప్రైవేటు కంపెనీ మా ప్రాంతానికి డీలర్‌ని వెతుకుతుంటే సంతకం పెట్టాను. బోర్డు తయారై వచ్చింది. ఇంకా తగిలించలేదు. అతను రోజూ పోయే దారిలో ఆ బోర్డు ఎలా పెట్టాలా అని గోడకి తిప్పి పెట్టాను.

సరిగ్గా అప్పుడే ఒక సాయంత్రం వీధి మొత్తం ఫోన్లు ఒక్కసారి చచ్చిపోయాయి.

ఒక కంపెనీ కొత్త కేబుల్ కోసం వీధి పొడుగునా కాలవ తవ్విస్తోంది. పాలమూరు కూలీలు గడ్డపారలతో తవ్వుతున్నారు. నా బూతుకి పది అడుగుల దూరంలో గడ్డపార కిందికి దిగి పాత కేబుల్‌ని తెంపేసింది. నాలుగు వందల జతలూ పోయాయి.

అతను వచ్చేసరికి కూలీల మేస్త్రీ బెదిరిపోయి నిలబడి ఉన్నాడు. జనం మేస్త్రీ మీద పడుతున్నారు. లైన్‌మన్ మధ్యలోకి వచ్చాడు.

"ఆళ్ళను అనకుండ్రి. కింద ఏమున్నదో ఆళ్ళకు ఎవడన్న చెప్పిండా? మ్యాపు చూపిచ్చిండా?" మేస్త్రీ వైపు తిరిగి, "అన్నా, జర ఈ గుంత పెద్దగ చేసియ్యి. నేను కూసునేటంత," అన్నాడు.

పాత కేబుల్ అది. తీగలకి కాగితం చుట్టి ఉంటుంది. ఇప్పటి కేబుళ్ళలాగా రంగులుండవు, అన్నీ ఒకేలా కనిపిస్తాయి. తెగిన రెండు మొనల మధ్య ఏ తీగ ఏ తీగకి జతో కనిపెట్టాలంటే పిల్లర్ దగ్గర ఒక మనిషి నిలబడి ఒక్కో జతకీ శబ్దం పంపాలి. గుంతలో ఇంకో మనిషి హ్యాండ్‌సెట్ చెవికి పెట్టుకుని ఆ శబ్దం ఏ తీగలో వినిపిస్తుందో వెతకాలి. దొరికితే మెలివేసి, కాగితం గొట్టం తొడిగి, తర్వాతి జతకి పోవాలి. అతను గుంతలో, అతని తోటి లైన్‌మన్ పిల్లర్ దగ్గర. లోపలి పొర నుంచి మొదలుపెట్టారు.

మర్నాడు పొద్దున్నే నా బూతు చూరు కింద ఒక బల్ల, పెద్ద గొడుగు వెలిశాయి. నేను డీలర్‌గా ఉన్న కంపెనీ సేల్స్ మనిషి, టై కట్టుకుని, ఫారాలు పరిచాడు. "మీ ఫోన్ పనిచేయడం లేదు కదా సార్? ఎన్నాళ్ళకి బాగవుతుందో! మాది ఈ రోజే యాక్టివేట్," అని వచ్చేపోయేవాళ్ళని పిలుస్తున్నాడు. తవ్వించింది వీళ్ళ కంపెనీ కాదు. కానీ తెగిందన్న కబురు వీళ్ళకి ఎవరు చేరవేశారో, తెల్లారేసరికి గొడుగుతో దిగారు. ఆ బల్లని నా చూరు కింద పెట్టుకోనిచ్చింది నేనే.

గుంతలోంచి అతని తల, భుజాలు మాత్రం కనిపిస్తున్నాయి. గొడుగు కనిపించింది అతనికి. నేను ఏదో ఒకటి చెప్పాలని దగ్గరికి పోయాను.

"అన్నయ్యా, అదీ..."

"పెట్టుకో చెల్లె. బోర్డు సుత తగిలియ్యి, గోడకు ఎన్ని దినాలు తిప్పి పెడ్తవ్?" అన్నాడు తలెత్తకుండా. "పోటీ రావాలని నువ్వే చెప్తివి. వచ్చింది. కానీ నా తీగ కోసి పక్కన దుకాణం పెడితే అది పోటీ ఎట్లయితది? చెప్పు. నీ పుస్తకంల ఏమని ఉన్నది?"

పుస్తకంలో లేదు. ఇప్పటికీ ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు.

మూడో రోజు పొద్దున కాంక్రీటు కలిపే మిషను వచ్చింది. రోడ్డు కాంట్రాక్టరుకి ఆ రోజు వీధి పూర్తి చెయ్యాలట. సూపర్‌వైజర్ గుంత అంచున నిలబడి, "భాయ్, పన్నెండుకు పోసేస్తం. ఎక్కు," అన్నాడు. ఇంకా నూట ఇరవై జతలు మిగిలి ఉన్నాయి. అన్నీ మా వైపువి, బయటి పొరవి, ఒకటి నుంచి నూట ఇరవై దాకా. కాంక్రీటు పడిందంటే ఆ నూట ఇరవై ఇళ్ళూ అంతే. రోడ్డు మళ్ళీ పగలగొట్టడానికి అనుమతి ఎవరిస్తారు? జనానికి గొడుగు కిందికి పోవడం తప్ప దారి ఉండదు.

అతని పైఅధికారి, జేటీవోగారు, స్కూటర్ మీద వచ్చారు. ఆయనా కోస్తా మనిషే, నెమ్మదస్తుడు. గొంతు తగ్గించి చెప్పారు.

"పైకి వచ్చేయవయ్యా. ఈ కేబుల్ మీద ఇంక డబ్బు పెట్టొద్దని పైనుంచి మాట. ఎలాగూ జనం సెల్లులు తీసుకుంటున్నారు. ఎవరికోసం ఈ తంటా?"

"రాసియ్యుండ్రి సార్."

"ఏంటి?"

"ఈ గుంత ఇడిసిపెట్టుమని రాసి సంతకం పెట్టుండ్రి. ఎక్కుత. నోటి మాట మీద నేను ఇందుల దిగలే. నోటి మాట మీద ఎక్కను."

జేటీవోగారు జేబులో పెన్ను తడుముకున్నారు. తీయలేదు. పిల్లర్ దగ్గరున్న తోటి లైన్‌మన్‌ని స్కూటర్ వెనక ఎక్కించుకుని వెళ్ళిపోయారు. రెండో మనిషి లేకపోతే పని ఆగుతుంది కదా.

సూపర్‌వైజర్‌కి ధైర్యం వచ్చింది. "చూసినవా భాయ్? మీ సారే పోయిండు. ఇగ పోస్తం."

"పొయ్యి. నా మీదనే పొయ్యి. జర చేతుల కాడ జాగ ఇడువు. మిగిలినయి కలపాలె."

కూలీలు నవ్వారు. అతను నవ్వలేదు. గుంతలోంచి వీధి వైపు చూసి గట్టిగా అన్నాడు. "ఎవరన్న ఒక్కరు పిల్లర్ కాడ నిలబడుండ్రి. చదువొచ్చినోళ్ళు. నంబర్లు తప్పు చదవొద్దు."

నా వైపు చూడలేదు. చూసి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

నేను లేచాను. సేల్స్ మనిషి బల్ల వెనక నుంచి, "మేడమ్, ఎక్కడికి? మీరు మా డీలర్ కదా!" అన్నాడు.

"డీలర్‌నే. మీ ఫోన్లు అమ్ముతానని సంతకం పెట్టాను. ఆ గుంత పూడుస్తానని పెట్టలేదు. బల్ల కాస్త పక్కకి జరపండి, దారికి అడ్డం."

పిల్లర్ దగ్గర నిలబడ్డాను. ఇద్దరు మాట్లాడుకోవడానికి ఒక జతని ముందే కలిపి ఉంచుకున్నారు. హ్యాండ్‌సెట్‌లో అతని గొంతు పది గజాల దూరం నుంచీ, భూమిలోంచీ రెండుసార్లు వినిపించింది.

"ఎంత?"

"ఒకటి."

"మల్ల చెప్పు."

"ఒకటి."

"దొరికింది. ఎన్కటికి ఒకసారి జారింది గదా. రెండుసార్లు చెప్పు ప్రతిది."

పన్నెండయింది. సూపర్‌వైజర్ మిషను తిప్పించాడు. అప్పుడు మెస్సావిడ పెరుగన్నం గిన్నెతో వచ్చింది. అతనికి ఇచ్చి, వెళ్ళిపోకుండా గుంత అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వేలాడేసింది.

"అమ్మా, లెవ్వుండ్రి. కాంక్రీట్ పడతది," అన్నాడు సూపర్‌వైజర్.

"పోసుకో నాయనా. ముందు నా చీర మీద పడాలి. ఇది మంగళగిరి చీర. మా అల్లుడు లాయరు."

ఆవిడకి అల్లుడే లేడు. పాస్టరుగారు చిరునవ్వుతో వచ్చి రెండో వైపు కూర్చున్నారు. ఇన్‌స్టిట్యూట్ రిసెప్షన్ అమ్మాయి క్లాసులో వాళ్ళందరినీ కిందికి దింపింది. వాళ్ళ మోడెముల తీగలు కూడా ఆ గుంతలోనే ఉన్నాయి మరి. డాక్టరుగారు స్టెతస్కోపుతోనే వచ్చారు. సూపర్‌వైజర్ మిషను ఆపించి, ఎవరికో ఫోన్ చేద్దామని నా బూతు వైపు రెండడుగులు వేసి, ఆగిపోయాడు. బూతు ఫోనూ చచ్చే ఉంది. సేల్స్ మనిషి తన సెల్లు ఇవ్వబోయాడు. సూపర్‌వైజర్ దాన్ని చూసి, గుంత చుట్టూ కూర్చున్నవాళ్ళని చూసి, వద్దన్నాడు. పాలమూరు మేస్త్రీ పక్కన కూర్చుని బీడీ ముట్టించాడు. అందరం ఆగాం.

మూడున్నరకి నలభయ్యో జత కలిసింది. మెస్‌లో ఫోన్ మోగింది, నేనే మోగించాను. నలభై ఒకటి. నలభై రెండు. వరసలో నలభై మూడు నాది.

"నలభై మూడు," అన్నాను.

"అది ఆఖరుకు. డీలర్‌వు గదా, నీకేం తొందర? నలభై నాలుగు చెప్పు."

హ్యాండ్‌సెట్ చెవికి పెట్టుకుని నవ్వో ఏడుపో తెలియకుండా నలభై నాలుగు చదివాను. మిగిలినవన్నీ చదివాను. నాలుగు వందల జతల్లో చిట్టచివరగా నాది కలిపాడు. "పో, చూసుకో," అన్నాడు. బూతులోకి పోయి రిసీవర్ ఎత్తాను. టోన్ వచ్చింది. ఆ శబ్దం ఇప్పటి పిల్లలకి తెలియదు. గొంతు సవరించుకోకుండా ఒకే శ్రుతిలో నిలబడి, నువ్వు మాట్లాడే వరకూ ఎదురుచూసే శబ్దం.

అతుకుకి తొడుగు వేసి, దాని మీద వరసగా ఇటుకలు పరిచాడు. ఇంకోసారి ఎవరైనా తవ్వితే ముందు ఇటుక తగిలి ఆగాలని. అప్పుడు ఎక్కాడు. కాళ్ళు తిమ్మిరెక్కి నిలబడలేకపోతే మేస్త్రీ పట్టుకున్నాడు. "ఇగ పోసుకో భాయ్," అన్నాడు సూపర్‌వైజర్‌తో. "మంచిగ పొయ్యి. సిమెంట్ తక్కువ చెయ్యకు."

అతనికి మెమో వచ్చింది. పైవాళ్ళ మాట వినలేదని, పనికి అడ్డుపడ్డాడని. సంజాయిషీ అడిగారు. అతను రాసిన సంజాయిషీ నేను చూశాను. క్షమించమన్న మాట అందులో లేదు. ఒకటి నుంచి నాలుగు వందల వరకూ జత నంబర్లు రాసి, ప్రతి నంబరు ఎదురుగా 'టోన్ ఉంది' అని రాశాడు. పన్నెండు పేజీలు. ముప్పై తొమ్మిది ఎదురుగా మాత్రం 'నా తప్పు, ఎన్కటిది' అని.

ఎర్రగడ్డ సెక్షన్‌కి మార్చారు. పోతూ నా దగ్గర ఆగి, "ఎర్రగడ్డకు పంపుతున్నరు చెల్లె. ఫికర్ చెయ్యకు, పిచ్చాసుపత్రికి గాదు," అన్నాడు.

బోర్డు మర్నాడే తగిలించాను. ముఖం దాచుకోకుండా తగిలించాను. ఆ తర్వాత రెండు మూడేళ్ళలో వీధి మొత్తం సెల్లులకి మారింది. వాటిలో ఎక్కువ నేనే అమ్మాను. ఒకప్పుడు ఊరికి ఫోన్ చేయడానికి భయపడ్డ పాలమూరు కూలీలు రోజూ ఇంటితో మాట్లాడుకోవడం చూశాను. పోటీ మంచిదన్న నా మాట నేను వెనక్కి తీసుకోను. కానీ మా వీధివాళ్ళు, గుంత పూడ్చి తోసేస్తే వెళ్ళలేదు. నాలుగు వందల టోన్లు బతికుండగా, ఎవరికి వాళ్ళు ఎంచుకుని వెళ్ళారు. పుస్తకం రాసినాయన ఈ తేడా రాయలేదు.

ఒక రోజు అతను సైకిలు మీద వచ్చాడు. నా దుకాణం బల్ల మీద చెయ్యి పెట్టి, "నాకొక సెల్ ఇయ్యి," అన్నాడు. నేను నమ్మలేదు.

"నీ కంపెనీది పంజాగుట్టల నా బిడ్డ హాస్టల్ కాడ సుత మంచిగ పట్టుతున్నది. మాది పట్టుత లేదు. నువ్వు గెలిచినవ్. నా తీగ కొయ్యకుండ గెలిచినవ్. గిట్ల గెలువాలె." అంటూనే చేతులు జోడించాడు. అప్పుడెప్పుడో పిల్లర్‌లో తల పెట్టి అన్న మాట అతను మరిచిపోలేదు.

నాకు తెలిసి అది అతని మొదటి ఫోన్. అందులో మొట్టమొదట నా నంబరు పెట్టి ఇద్దామని పేరు రాయబోతే, ఫోన్ లాక్కుని తనే నొక్కుకున్నాడు. ఏం నొక్కాడో మొన్న అతని కూతురు చెప్పేవరకూ నాకు తెలియదు.

నేను డీలర్‌గా ఉన్న కంపెనీ తర్వాత ఇంకో దానిలో కలిసింది. అది ఇంకో దానిలో. బోర్డు మూడుసార్లు మార్చాను. ఎన్నో కంపెనీలు రెండు మూడుకి వచ్చాయి. గ్రంథాలయంలో నేర్చుకున్న ఆ పెద్ద మాట మళ్ళీ పనికొచ్చేలా ఉంది. అతనుంటే అడిగేదాన్ని. రాసియ్యమను, అనేవాడేమో. రాశాను.

ఇది రాయడానికి సాయం చేసినవాళ్ళకి కృతజ్ఞతలు చెప్పాలి. అతను పేర్లు వద్దన్నాడు గానీ అది తన పేరు సంగతి. మిగతావాళ్ళవి రాస్తాను, అతని వరసలోనే.

నలభై, దమయంతమ్మగారు: ఎనభై దాటినా ఆ మూడు రోజులూ ఏ పూట ఏం వండారో కూడా చెప్పారు. నలభై ఒకటి, ప్రేమదాసు పాస్టరుగారు: ఇడ్లీల ఆర్డర్లు రాసుకున్న కాగితం బైబిల్లో దాచి ఉంచారు. నలభై రెండు, సరోజ: ఆ రోజు ఫోన్‌లో ఏడ్చినావిడ కోసం నిజంగానే ప్రార్థన చేశానని ఇన్నాళ్ళకి ఒప్పుకుంది. నలభై నాలుగు, డాక్టర్ వెంకటరమణగారి అబ్బాయి సుధాకర్. తోటి లైన్‌మన్ యాదగిరిగారు. పాలమూరు మేస్త్రీ బాలయ్యగారు. పన్నెండు పేజీల సంజాయిషీని ఇన్నేళ్ళు పారేయకుండా ఇంట్లో దాచి, అడగగానే తెచ్చి చేతిలో పెట్టిన జేటీవో మూర్తిగారు. ఆ లావుపాటి పుస్తకాన్ని గడువు దాటినా అడగని గ్రంథాలయం అంజలిగారు. అతని కూతురు స్వప్న.

ఎవరి పేరైనా వదిలేసి వరస జారిపోయి ఉంటే తప్పు నాది. నన్ను తిట్టండి. మీకు రావలసిన కృతజ్ఞత పక్కింట్లో మోగుతుంది. మా వీధివాళ్ళు రాసుకుని తెచ్చిస్తారు.